ఆరింటి గంట

జూన్ 28, శుక్రవారం

ఫ్యాక్టరీకి కొత్త జీఎం సార్ వచ్చి నెల కాలే, షిఫ్టుల మీద పడ్డడు. ఒకటో తారీఖు నుంచి ఆరు, రెండు, పది బంద్. ఆరున్నర, రెండున్నర, పదిన్నర అట. పొద్దుపొద్దున ముత్తంగి జంక్షన్ల కంపెనీ బస్సులు ఇరుక్కుంటున్నయి, అర గంట జరిపితే అందరు టైంకొస్తరని సార్ లెక్క. ట్రాఫిక్ కూడ అర గంట జరిగితే ఏం చేస్తరు సార్ అని నోటిదాక వచ్చింది. మింగిన. హాజరు పట్టే టైం ఆఫీసుల పంతొమ్మిదేండ్లు చేసినంక ఏది అడగొద్దో తెలుస్తది.

సర్క్యులర్ నేనే టైప్ చేసిన, తెలుగుల ఒకటి, హిందీల ఒకటి. బిహార్ పిల్లలకు గేటు కాడ చదివి చెప్పిన. పంచింగ్ మిషన్ల షిఫ్ట్ కోడ్‌లు మార్చాలె. క్యాంటీన్‌కు చెప్పాలె. సైరన్ టైమర్ కూడ నా నెత్తి మీదనే. దాని కీ నా డ్రాయర్ల ఉంటది. ఎలక్ట్రీషియన్ కంటె దాని సంగతి నాకే ఎక్కువ తెలుసు.

రెండూ అయిదుకు అమ్మ ఫోన్ వచ్చింది. రోజు గంతే. రెండింటికి బీపీ గోలి వేసుకుంటది, నాకు ఫోన్ చేస్తది, అప్పుడు తింటది. తిన్నవా అంటది, తిన్న అంటె పెట్టేస్తది. అమ్మకు అక్షరం ముక్క రాదు. ఒక్క బటన్ ఒత్తితే నా నంబర్ కలిసేటట్టు పెట్టిచ్చిన. కాని టైం మాత్రం అమ్మనడిగే చెప్పాలె. గోడ గడియారం దిక్కు ఒక చూపు చూసి చెప్తది, పది నిమిషాలు కూడ తప్పదు. టైం ఆఫీసు ఉద్యోగం నాది కాదు, అమ్మకియ్యాలె అని రాకీ నవ్వుతడు. రాకీ అంటె మా ఆయన, ముత్తంగి గోదాంల డిస్పాచ్‌ల చేస్తడు. ఆయనకు నవ్వు ఎక్కువ.

జూలై 1, సోమవారం

పరేషాన్. సగం మంది పాత టైంకు వచ్చి గేటు కాడ అర గంట కూర్చున్నరు. సగం మంది కొత్త టైం అని మెల్లగ వచ్చి దానికి కూడ లేటయిన్రు. అందరు నన్నే తిట్టిన్రు, రెండు భాషలల్ల.

అమ్మ 2.35కు ఫోన్ చేసింది. నేను కాంట్రాక్టర్‌తోని లొల్లిల ఉన్న. ఇంత లేటేంది అన్న. ఏం లేటు, ఇప్పుడే కద రెండయింది అన్నది. వాదించే ఓపిక లేక పెట్టేసిన.

జూలై 4, గురువారం

అమ్మ ఫోన్ 2.36కు. నిన్న 2.34. రెండే అయింది అంటున్నది.

జూలై 7, ఆదివారం

కమలాకుమారి ఆంటీ ఫోన్ చేసింది. మా ఊరి చర్చి లెక్కలు, పనులు చూసే స్టీవర్డ్, రిటైర్డ్ నర్సు. ముప్పై ఏండ్లు సూదులేసిన మనిషి, మాట కూడ గట్లనే పొడుస్తది. మీ అమ్మకు ఏమయింది అని అడిగింది.

పాస్టర్ అయ్యగారు ఆదివారం మూడు ఊర్లు తిరగాలె. అందుకే మా ఊర్ల ఆరాధన పొద్దున ఏడింటికే. అమ్మ ఆరింటికి మొదటి గంట కొడ్తది, ఆరున్నరకు రెండో గంట. ఈ రోజు మొదటి గంటనే ఆరున్నరకు కొట్టిందట. జనం ఇంకా తలలు దువ్వుకుంటున్నరు, అయ్యగారు ఖాళీ బెంచీల ముందర నిలబడ్డడు. ఏడింటికి అయ్యగారు కండ్లు మూసి ప్రార్థన మొదలు పెట్టంగనే రెండో గంట. పిల్లలు నవ్విన్రట. వారం దినాల నుంచి రోజు ఆరింటికి కొట్టే పొద్దటి గంట కూడ లేటేనట. వయసు కద పాపం అన్నది. ఆమె నోట్ల పాపం వింటె నాకు భయమయింది.

నాకు మూడేండ్లప్పుడు నాయన కామెర్లతోని పోయిండు. అన్నకు పదకొండు. చర్చి ఊడ్చి గంట కొట్టే పని నాయనదే, చర్చి వెనక గదిల మా కాపురం. మట్టి చేసిన మూడో రోజు ఆదివారం. ఇగ గంట ఎవరు కొడ్తరని పెద్దమనుషులు మాట్లాడుకుంటుండంగనే అమ్మ పోయి తాడు గుంజిందట. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలే. నలభై నాలుగేండ్లాయె. కలుపు తీసింది, పత్తి ఏరింది, ఇటుకలు మోసింది, అన్నను టీచర్ చేసింది, నన్ను డిగ్రీ చదివిచ్చింది. జ్వరమొచ్చినా గంట తప్పలే. నా పెండ్లి రోజు కూడ నన్ను ఆటోల కూర్చోబెట్టి పోయి తనే గంట కొట్టొచ్చింది.

సాయంత్రం అడిగిన. పొరపాటయింది బిడ్డా అన్నది. అమ్మ నోట ఆ మాట నేను ఇంతవరకు వినలే.

జూలై 9, మంగళవారం

క్యాంటీన్‌కు పాలు పోసే పోచయ్య మామ గేటు కాడ ఆపిండు. మా ఊరాయనే, ఫ్యాక్టరీ గోడ దాటితే మా ఊరే కద, అమ్మ గంటకు లేస్తడు. పది రోజులాయె, లేచి పాలు పిండి పోయేసరికి పాల సెంటర్ వ్యాన్ వెళ్లిపోతున్నదట. ఫోన్ల అలారం పెట్టుకో మామా అన్న. గంట ఉండంగ అలారమెందుకు అన్నడు.

కోపం లేదు ఆయనకు. జెర దగ్గరికొచ్చి, మా అత్త కూడ గిట్లనే మొదలైంది, ముందు పొద్దు మర్చిపోయింది, తర్వాత పొయ్యి మర్చిపోయింది, ఆఖరికి కన్న బిడ్డను ఎవరమ్మా నువ్వు అన్నది, జల్దీ చూపియ్యి అని చెప్పిండు.

పొద్దంత ఏ పనీ సరిగ్గ చెయ్యలే. ఎనిమిది మందికి ఆబ్సెంట్ వేసిన, మళ్ల కొట్టేసిన.

జూలై 10, బుధవారం

అన్నకు చెప్పిన. జ్ఞానప్రకాశం మాస్టారు, జోగిపేటల హెడ్మాస్టర్. ప్రతిదానికి ఒక పద్ధతుండాలె ఆయనకు. ఫోన్‌ల వెతికి లక్షణాలు పది చదివిండు, అందుల నాలుగు అమ్మకున్నయన్నడు. ఆ నాలుగు నాక్కూడ ఉన్నయన్న. జోకులొద్దు అన్నడు.

జూలై 14, ఆదివారం

రాకీ బండి మీద పటాన్‌చెరు నుంచి ఊరికి పోయినం. మేం చేరేసరికి ఏడు కావస్తున్నది. బెంచీలు సగం ఖాళీ. ప్రార్థన మొదలైంది, గంట మోగింది. నేను కండ్లు తెరిచి చూసిన. కిటికీల నుంచి అమ్మ కనిపించింది, తెల్ల చీర, రెండు చేతులతోని తాడు గుంజుతున్నది, మొఖంల ఏ తేడా లేదు. సక్కగ పని చేసే మనిషి మొఖమే. అదే నాకు ఎక్కువ భయమయింది.

ఆరాధన అయినంక అయ్యగారు నన్ను పక్కకు పిలిచిండు. మంచి మనిషి, మాటలు దొరకక గొంతు సవరించుకున్నడు. కమలాకుమారి ఆంటీకి మాటల కరువు లేదు. ఫోన్ల చూపిచ్చింది, స్పీకర్ పెట్టుకుంటె చాలట, మెమరీ కార్డుల ఎనిమిది రకాల గంటలున్నయట, టైం సెట్ చేస్తే దానంతట అదే మోగుతదట. ఎలిజబెత్ అక్కకు, అంటె అమ్మకు, ఇగ రెస్ట్ ఇద్దాం అన్నది. వచ్చే ఆదివారం ఆరాధన అయినంక సంఘం కూర్చుంటది.

అమ్మ అన్నీ విన్నది. మాకు చాయ్ పెట్టింది. అరచేతులు చూసుకున్నది ఒకసారి. నేను చక్కెర ఎక్కువైంది అన్న.

జూలై 18, గురువారం

లీవ్ పెట్టి అమ్మను సంగారెడ్డిల మెదడు డాక్టర్‌కు చూపిచ్చిన. చిన్న పిల్ల, నా కంటె పదిహేనేండ్లు చిన్న. మంచిగ మాట్లాడింది. ఇది ఏ నెల అంటె జూలై, నాట్ల కాలం అన్నది అమ్మ. మూడు మాటలు చెప్పి కాసేపాగి అడిగితే మూడూ చెప్పింది. పిల్లల పేర్లు, మనుమల పేర్లు అడిగితే డాక్టర్ చాలు అనేదాక చెప్పింది. నాకు పానం కుదుటపడ్డది.

అప్పుడు కాగితమిచ్చి గడియారం గియ్యమన్నది. పదకొండు పది అయినట్టు ముండ్లు పెట్టాలట. అమ్మ గుండ్రంగ గీసింది. పెన్ను పట్టుకోని చాలాసేపు కూర్చున్నది. పెన్ను పక్కకు పెట్టేసింది. కండ్లు సరిగ్గ కనవడ్తలేవు అన్నది. డాక్టర్ గోడ మీది పెద్ద గడియారం చూపిచ్చి ఎంతయింది అమ్మా అన్నది. అమ్మ ఇంట్ల చూసినట్టే దాని దిక్కు ఒక చూపు చూసింది. పదకొండయితదేమో అన్నది. పన్నెండు ఇరవై అయింది.

నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచి చెప్పింది. అర్లీ స్టేజ్ కావచ్చు. స్కాన్ తియ్యాలె. ఒంటరిగ ఉంచొద్దు.

బస్సుల అమ్మ కిటికీల నుంచి బయటికి చూసుకుంట, నా బుర్ర పోతున్నదని నాకు ముందే తెలుసు బిడ్డా అన్నది. ఈ నడుమ పొద్దు ముందే పొడుస్తున్నది అన్నది. నేను తల తిప్పుకున్న. పటాన్‌చెరు వచ్చేదాక తిప్పుకునే ఉన్న.

జూలై 19, శుక్రవారం

అన్న అమ్మను జోగిపేటకు తీస్కపోతా అన్నడు. రెండో అంతస్తు, గ్రిల్ ఉంటది, వదిన ఇంట్లనే ఉంటది. అమ్మనడిగితే సరే అన్నదట.

సరే అనుడేంది. కొట్లాడాలె కద. అయిదేండ్ల నుంచి వచ్చి మా కాడ ఉండమంటె చీపురు చూపిచ్చిన మనిషి.

జూలై 20, శనివారం, సాయంత్రం

ఊరికొచ్చిన. ఈ రాత్రి అమ్మ కాడనే ఉంట. రేపు సంఘం కూర్చుంటది. అన్న డాక్టర్ కాగితం పట్టుకోని వస్తడు. రేపొక్క రోజు నేనే లేపి, నేనే టైం చెప్పి, సరిగ్గ ఆరింటికి గంట కొట్టిస్త. ఒక్కసారన్న టైంకు కొట్టింది అని చెప్పుకుంటందుకు.

జూలై 21, ఆదివారం, పొద్దున 6.50

జల్దీ రాస్తున్న.

నేను లేపుడేంది, అయిదింటికే అమ్మ లేచింది. తానం చేసింది, చర్చి మెట్లు ఊడ్చింది, తెల్ల చీర కట్టింది. అయిదూ నలభైకి పోయి గంట కింద బండ మీద కూర్చున్నది, తాడు ఒడిల పెట్టుకోని.

ఆరయింది. నా ఫోన్ల ఆరు, గదిల గోడ గడియారంల ఆరు. అమ్మ లేవలే. పోయి అమ్మా ఆరయింది కొట్టు అన్న. చెయ్యెత్తి ఆగు అన్నది. ఇంకా కాలే అన్నది. ఫోన్ చూపిచ్చిన. దాని దిక్కు చూడలే. ఆరూ పది. అమ్మా నీకు దండం పెడ్త కొట్టు అన్న. కాలే బిడ్డా, నాకు తెలుసు అన్నది. ఆరూ ఇరవై. నాకు ఏడుపొచ్చింది, అమ్మ చూడొద్దని చెప్పులు వెతుకుతున్నట్టు వంగిన.

ఆరున్నర. గోడ అవతల నుంచి మా కంపెనీ సైరన్ మోగింది.

అమ్మ లేచి నిలబడ్డది. సైరన్ ఆగేదాక ఆగింది. పెదవులు కదిలినయి, ఏదో లెక్కపెట్టుకుంటున్నది. తర్వాత తాడు గుంజింది.

ఆ సైరన్ మార్చింది నేను. జూన్ 30 సాయంత్రం, నా డ్రాయర్ల కీ తోని, నా చేతులతోని.

జూలై 21, మధ్యాహ్నం 3

అమ్మ పండుకున్నది. గురక. ఇంత మంచి గురక నేను ఈ మధ్య వినలే. అన్నీ రాస్త.

రెండో గంట కూడ కొట్టి వచ్చిన అమ్మను లోపలికి తీస్కపోయి అడిగిన. అమ్మా నువ్వు సైరన్ విని కొడ్తవా అన్న. అమ్మ తలుపు దిక్కు చూసింది, ఎవరన్న ఉన్నరా అని. గడియారం చూసుడు నాకు ఎన్నడూ రాలే బిడ్డా అన్నది.

నాయన ఉన్నప్పుడు నాయన చూసి చెప్పేటోడు. నాయన జబ్బు ఖర్చుకు ఇంట్ల ఉన్న ఒక్క గడియారం అమ్ముడుపోయె, తాడు అయితే పట్టింది గాని టైం ఎట్ల తెల్వాలె. రోజు చీకటితోని లేచి ఎవరో ఒకరి ఇంటి ముందర నిలబడి అడగాలె. పొద్దుగాల విధవ మొఖం ఎవరు చూస్తరు అన్నది. తలుపు తియ్యకుండ లోపల్నుంచే చెప్పేటోళ్లట. కొందరు విననట్టే పండుకునేటోళ్లట. పేర్లు చెప్పింది, నేను రాయ. మనోళ్లే, నిన్నటిదాక ఒక్క బెంచీ మీద కూర్చున్నోళ్లే. ఒకామె కావాలని తప్పు చెప్తే నాలుగింటికే గంట కొట్టిందట, ఊరంత లేచి తిట్టిందట. ఎనిమిదేండ్లు గట్ల అడుక్కున్నది. అన్నం అడుక్కోలే గాని టైం అడుక్కున్న అన్నది.

తర్వాత ఫ్యాక్టరీ వచ్చింది. బావి నీళ్లు ఖరాబైనయని, వాసన అని ఊరంత దాన్ని తిట్టింది, ఇప్పటికీ తిడ్తది. అమ్మ మాత్రం మొదటిసారి సైరన్ మోగిన రోజు మోకాళ్ల మీద పడి దేవునికి స్తోత్రం చెప్పిందట. ఆ రోజు నుంచి ఎవ్వల గడప ముందర నిలబడలే అన్నది. సైరన్ వింటనే కొడ్తే ఎవరన్న కనిపెడ్తరని ఇరవై లెక్కపెట్టి కొడ్తదట. రెండో గంటకు నాలుగు పాటలు మొదటి నుంచి చివరిదాక పాడుకుంటె సరిగ్గ అర గంట అట. నా ఫోన్, గోలి, భోజనం అన్నీ సైరనే. నడుమల ఎవరన్న టైం అడిగితే సైరన్ నుంచి పాటలు లెక్కగట్టి చెప్తదట. ముప్పై ఆరేండ్లు ఊరంత రెండూ విన్నది, ఒక్కరికీ తట్టలే. టైం ఆఫీసుల కూర్చున్న నాకూ తట్టలే.

నేను చెప్పిన. అమ్మా, సైరన్ నేనే మార్చిన, అర గంట జరిపినం, నీ తప్పు లేదు అన్న.

అమ్మ నన్ను చూసింది. అయితే నా బుర్ర మంచిగనే ఉన్నదా అన్నది. ఉన్నది అన్న. పొద్దు సరిగ్గనే పొడుస్తున్నదా అన్నది. సరిగ్గనే పొడుస్తున్నది అన్న. నిజంగనే నాకేం కాలేదా అని మూడోసారి అడిగింది. అప్పుడు ఏడ్చింది, కొంగు నోట్ల కుక్కుకోని, పక్కన ఆరాధనకు జనం వస్తున్నరు కద. కండ్లు తుడుచుకోని నా వీపు మీద ఒక్కటి చరిచింది. ముందుగల చెప్పొద్దా గాడిదా అన్నది. నలభై ఏడేండ్ల దాన్ని, దెబ్బ తిని ఇంత సంబరం నాకు ఎన్నడు కాలే.

పోయి అందరికి చెప్త అని లేచిన. చెయ్యి పట్టుకున్నది. ఎవ్వలకు చెప్పొద్దు అన్నది. మీ అన్నకు అసలే చెప్పొద్దు అన్నది. అన్న మూడో తరగతిల గడియారం నేర్చుకోని వచ్చి అమ్మకు చెప్పి చూపిచ్చేటోడట. కరెక్ట్ చెప్పినవ్ కొడకా అని రోజు మెచ్చుకునేదట. ఇప్పుడు హెడ్మాస్టర్. గంట పోతే పోనీ గాని నన్ను వాని ముందర తక్కువ చెయ్యకు అన్నది.

గంట నిలవాలె, మాట బయటికి పోవద్దు. చేతుల ఉన్నది అరవై నిమిషాలు.

ఆలోచించిన. లోపల ఆరాధన నడుస్తున్నది, అయ్యగారి ప్రసంగం వినిపిస్తున్నది. నేను వెనక గదిల స్టూలెక్కి గోడ గడియారం దింపి ముల్లు అర గంట వెనక్కి తిప్పి మళ్ల తగిలిచ్చిన. అమ్మ కింద నిలబడి స్టూలు పట్టుకున్నది.

సంఘం కూర్చున్నది. అన్న డాక్టర్ కాగితం తీసిండు. నేను ముందే లేచి తప్పు నాది అన్న. అమ్మ గదిల గడియారం స్లో నడుస్తున్నది, బ్యాటరీ మార్చాల్సింది నేను, మార్చలే, ఆమె దాన్ని నమ్మి కొట్టింది అన్న. డాక్టర్ కాడికి అద్దాలు తీస్కపోలే, కాగితమే కనవడలే అన్న. కమలాకుమారి ఆంటీ ఊరికే నమ్మే మనిషా. లేచింది, సీదా గదిలకు పోయింది, చేతి వాచీ చూసుకున్నది, గోడ మీద చూసింది. బయటికొచ్చి ముప్పై రెండు నిమిషాలు స్లో అన్నది. తల్లి ఇంట్ల బ్యాటరీ చూసుకునే తీరిక కూడ లేదా నీకు అని అందరి ముందర కడిగింది. తల వంచుకున్న. ఇంత ఇష్టంగ తిట్లు ఎప్పుడూ తినలే. అన్న డాక్టర్ కాగితం మడిచి జేబుల పెట్టుకున్నడు.

అప్పుడు అసలు మాట అన్న. ఇది మాత్రం అబద్ధం కాదు. మన ఊరోళ్లు ఫ్యాక్టరీల రాత్రి షిఫ్టు పద్నాలుగు మంది ఉన్నరు. ఇప్పుడు ఆరున్నరకు దిగుతున్నరు, ఏడింటికి తానం చేసి ఎట్లొస్తరు. బెంచీలు ఖాళీ అయింది గంట వల్ల ఒక్కటే కాదు. ఆరాధన ఏడున్నరకు పెట్టుకుంటె అందరొస్తరు అన్న. అయ్యగారు వెంటనే ఒప్పుకున్నడు. ముత్తంగి కాడ ఆయన కూడ ప్రతి ఆదివారం ఇరుక్కుంటున్నడట, చెప్పలేక ఊకున్నడట. మిగిలిన రెండు ఊర్లకు ఆయనే మాట్లాడుకుంట అన్నడు. మొదటి గంట ఆరున్నర, రెండోది ఏడు. రోజు గంట కూడ ఆరున్నరకే. గంట ఎలిజబెత్ అక్కనే కొడ్తది అని కమలాకుమారి ఆంటీ మినిట్స్ పుస్తకంల రాసింది.

అందరు పోయినంక, అబద్ధమాడినవ్ కద బిడ్డా, దేవుడు చూస్తడు అన్నది అమ్మ. ఇన్నేండ్లు నువ్వు గడియారం దిక్కు చూసి టైం చెప్పింది కూడ చూసే ఉంటడు అన్న. అమ్మ ఇంకో చాయ్ పోసింది.

గడియారం సరిచేస్త, నీకు కూడ చూసుడు నేర్పిస్త అన్న. ఎనభై ఏండ్లకు ఇప్పుడెందుకు అన్నది. నువ్వు సైరన్ టైంకు మోగియ్యి, నేను గంట టైంకు కొడ్త అన్నది.

జూలై 22, సోమవారం

2.33కు ఫోన్. తిన్నవా అన్నది. రెండున్నర అయింది కద అని కూడ అన్నది, కొత్తగ నేర్చుకున్న పిల్ల లెక్క. సీట్లనే నవ్విన. కాంట్రాక్టర్ తన మీద నవ్వుతున్న అనుకోని అలిగి పోయిండు. పోనీ.

సర్క్యులర్ ఫైల్ తీసిన. కాపీలు ఎవరెవరికి పోవాలని కింద లిస్టు ఉంటది. ప్రొడక్షన్, క్యూసీ, క్యాంటీన్, సెక్యూరిటీ. నా కాపీల పెన్నుతోని ఇంకోటి రాసుకున్న. అమ్మ.

జూలై 25, గురువారం

డాక్టర్ పిల్లకు మాత్రం నిజం చెప్పినం. అమ్మనే చెప్పింది, నన్ను బయటికి పంపి. తలుపు అవతల డాక్టర్ నవ్వు వినిపించింది, తర్వాత అమ్మ నవ్వు. గడియారం లేకుండ వేరే పరీక్ష పెట్టిందట. స్కాన్ కూడ అవసరం లేదన్నది. బయటికొచ్చి సారీ అమ్మా, నేను ముందు అడగాల్సింది అని అమ్మ చేతులు పట్టుకున్నది. ఆ చేతుల కాయలు చూసి ఇవేందని అడిగింది. గంట తాడు అన్నది అమ్మ.

తిరిగొచ్చేటప్పుడు సంగారెడ్డి బస్టాండ్ల అమ్మ రెండు మిర్చిబజ్జీలు తిన్నది. నేను నాలుగు తిన్న. రాకీకి ఒక్కటీ తీస్కరాలే.

జూలై 28, ఆదివారం

ఏడున్నరకు ఆరాధన. బెంచీలు నిండినయి. రాత్రి షిఫ్టు పిల్లలు వెనక వరుసల కూర్చోని నిద్రపోయిన్రు, కాని వచ్చిన్రు. అయ్యగారు చాలా రోజులకు గొంతు సవరించుకోకుండ మాట్లాడిండు. అన్న కూడ జోగిపేట నుంచి వచ్చిండు. కొత్త బ్యాటరీ తెచ్చిండు, గడియారానికి వేసిండు. అమ్మా ఇప్పుడు ఎంతయింది చూడు అన్నడు. అమ్మ గడియారం దిక్కు ఒక చూపు చూసి, నీకు తెల్వదా, సార్‌వి కద నువ్వే చెప్పు అన్నది. ఎనిమిదీ యాభై అన్నడు. కరెక్ట్ చెప్పినవ్ కొడకా అన్నది. అన్న మొఖం వెలిగింది. ఇప్పటికీ.

కొత్త టైంకు ఒప్పుకోనిది పోచయ్య మామ ఒక్కడే. బర్రెలకు సర్క్యులర్ ఎవరు చదివి చెప్తరు అన్నడు. కమలాకుమారి ఆంటీ మెమరీ కార్డుల ఒక గంట ఆయన ఫోన్‌ల ఎక్కిచ్చి అయిదున్నరకు అలారం పెట్టింది. అది మోగితే కుక్క అరుస్తున్నదట, కాని లేస్తున్నడు.

ఆగస్టు 18, ఆదివారం, 6.34

డ్యూటీల ఉన్న. సైరన్ టైమర్ కాలిపోయింది, 6.28కి చూసిన. ఎలక్ట్రీషియన్ ఫోన్ ఎత్తలే. సరిగ్గ 6.30కి బటన్ చేత్తోని ఒత్తి పట్టుకున్న, మొత్తం ముప్పై సెకండ్లు. వదిలి లెక్కపెట్టుకుంట గేటు బయటికి ఉరికిన. ఊరి దిక్కు చెవి పెట్టి నిలబడ్డ. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై.

కొట్టింది.